పదహారేళ్ల అమ్మాయికి ఉబ్బసం: హాస్టల్‌కు పంపే ముందు ఏం చూసుకోవాలి?

తెనాలి అమ్మ:

నమస్కారం. మా అమ్మాయికి పదహారేళ్లు. పదో తరగతి అయింది. విజయవాడలో ఇంటర్ ఎంపీసీలో చేర్చాలని సీటు మాట్లాడుకున్నాం, హాస్టల్లో ఉండి చదవాలి.

ఏడో ఏట ఉబ్బసం బయటపడింది. పదకొండు, పన్నెండేళ్లు వచ్చేసరికి దాదాపు కనిపించకుండా పోయింది. ఇక పీడ వదిలిందని మొక్కు కూడా తీర్చుకున్నాం. పెద్దమనిషి అయిన తర్వాత మళ్లీ మొదలైంది. తెల్లవారుజామున దగ్గుతో లేచి కూర్చుంటుంది. గబగబా మెట్లెక్కితే పిల్లికూతలు వినిపిస్తాయి. నీలం రంగు ఇన్హేలర్ పీలిస్తే కాసేపట్లో సర్దుకుంటుంది.

పోయిన నెల ఛాతీ డాక్టరు గారికి చూపించాం. ఊదించి పరీక్ష చేసి, రోజూ రెండు పూటలా పీల్చమని ఇంకో ఇన్హేలర్ రాశారు. అందులో స్టెరాయిడ్ ఉందని తెలిసి మా అత్తగారు ఒప్పుకోవడం లేదు. ఆయాసం లేని రోజున కూడా మందెందుకు, అలవాటు పడిపోతుంది, రేపు పెళ్లి సంబంధాలు వస్తే ఏం చెబుతాం అని ఆవిడ బాధ. మా అమ్మాయి అయితే స్నేహితుల ముందు ఇన్హేలర్ బయటికే తీయదు. బాత్‌రూమ్‌లోకి వెళ్లి పీల్చుకుని వస్తుంది.

కాలేజీ వాళ్లకు చెప్పాలా, చెబితే సీటు వద్దంటారా? రోజూ వాడే ఇన్హేలర్ నిజంగా అవసరమా? చిన్నప్పటి నుంచి ఈ జబ్బుతో పెరిగి పెద్దయిన వారు ఎవరైనా చెప్పగలరా?

భద్రం, రాజమహేంద్రవరం:

అమ్మా, మా పెదనాన్న గారు మృగశిర కార్తె రోజున హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని వారు ఇచ్చే చేప ప్రసాదం వరుసగా మూడేళ్లు తీసుకున్నారు. ఆయనకు నెమ్మదించింది. కొర్రమీను పిల్ల మింగడం కష్టమైతే బెల్లంతో కూడా ఇస్తారు. జూన్‌లోనే కదా, వీలైతే తీసుకెళ్లండి. పిల్ల బాగుండాలని చెబుతున్నాను.

మిర్చియార్డు గుమాస్తా కూతురు:

తెనాలి అక్కయ్య గారూ, అమ్మాయిని హాస్టల్‌కు పంపండి. డాక్టరు గారు రాసిన రోజువారీ ఇన్హేలర్ మాత్రం ఈ రోజు నుంచే మొదలుపెట్టించండి. హాస్టల్‌కు వెళ్లాక చూద్దామనుకోవద్దు. అది పూర్తిగా పట్టు చిక్కడానికి కొన్ని వారాలు పడుతుంది.

నాకు నలభై దగ్గర పడుతున్నాయి. ఆరో ఏట నుంచి ఉబ్బసం ఉంది. మాది గుంటూరు పక్క పల్లె, నాన్న మిర్చి యార్డులో ఒక కమీషన్ వ్యాపారి దగ్గర గుమాస్తా. ఫిబ్రవరి నుంచి సరుకు పోటెత్తేది. ఆయన రాత్రి ఇంటికి వస్తే అమ్మ గుమ్మం దాటనిచ్చేది కాదు. వసారాలోనే చొక్కా విప్పించి, అక్కడే బకెట్టులో తడిపేసి, తల మీద రెండు చెంబులు పోసుకున్నాకే లోపలికి రానిచ్చేది. ఆ చొక్కా ఒక్కసారి దులిపితే చాలు, ఇంట్లో అందరికీ తుమ్ములు, నాకు ఎగశ్వాస. ఆయాసం వస్తే డెరిఫిల్లిన్ బిళ్ల, అది చాలకపోతే అర్ధరాత్రి సైకిలు మీద ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లి సూది. చాలా ఇళ్లలో అప్పటి వైద్యం ఇదే.

మీ అమ్మాయికి తగ్గినట్లే తగ్గి పెద్దమనిషి అయ్యాక తిరిగి వచ్చిందన్నారు. అది మీ లోపం కాదు, మొక్కులో లోపం కాదు. చిన్నపిల్లల్లో ఉబ్బసం మగపిల్లలకు ఎక్కువ. యవ్వనం వచ్చాక ఆ లెక్క తిరగబడి ఆడవాళ్లలో ఎక్కువవుతుంది. హార్మోన్ల పాత్ర ఉందని డాక్టర్లు చెబుతారు. నాకూ పదమూడు దాటాకే ఉధృతం పెరిగింది. గుంటూరులో నన్ను చూసిన డాక్టరమ్మ ఒక నోటు పుస్తకం పెట్టమన్నారు: రాత్రి దగ్గు వచ్చిందా, నీలం ఇన్హేలర్ వాడావా, నెలసరి ఎప్పుడు. దాంతోపాటు పీక్ ఫ్లో మీటరు కొనిపించారు. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ గొట్టం, గుండెల నిండా గాలి తీసుకుని ఒక్క ఊపున ఊదితే ముల్లు జరిగి ఒక అంకె దగ్గర ఆగుతుంది. నేను బాగా ఉన్న రోజుల్లో 400 దాకా వెళ్లేది. నెలసరికి ముందు రోజుల్లో 300 దగ్గర చతికిలబడేది. మూడు నెలల పుస్తకం చూసేసరికి నాకే అర్థమైంది, నా ఆయాసం చెప్పాపెట్టకుండా రావడం లేదు. తన అత్యుత్తమ అంకెలో 80 శాతం పైన ఉంటే నిశ్చింత, 50 నుంచి 80 మధ్య ఉంటే జాగ్రత్త, 50 కన్నా కిందికి దిగితే ఆగకుండా ఆసుపత్రికి. మీ అమ్మాయి చేత ఇప్పటి నుంచే ఊదించి, తన అంకె ఎంతో తనకు తెలిసేలా చేయండి.

ఇక స్టెరాయిడ్ సంగతి. మీ అత్తగారి భయం ఊరికే పుట్టింది కాదు. ఏళ్ల తరబడి స్టెరాయిడ్ బిళ్లలు మింగి ముఖం ఉబ్బి, ఎముకలు గుల్లబారి, షుగరు తెచ్చుకున్న వాళ్లను ఆ తరం వాళ్లు చూశారు. పేరు లేని పొట్లాల్లో ఆ పొడే కలిపి ఇచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కానీ పెద్దలకు ఉబ్బసం ముదిరినప్పుడు ఇచ్చే స్టెరాయిడ్ బిళ్ల ప్రెడ్నిసొలోన్ రోజుకు 40 మిల్లీగ్రాములదాకా ఉంటుంది. పీల్చే స్టెరాయిడ్ బుడెసొనైడ్ ఒక మోతాదులో 200 మైక్రోగ్రాములు. మిల్లీగ్రాములో వెయ్యో వంతు మైక్రోగ్రాము. అదీ రక్తంలో కలిసేది తక్కువ, నేరుగా శ్వాసనాళాల మీద పనిచేస్తుంది. పీల్చాక నోరు పుక్కిలించకపోతే నాలుక మీద తెల్లటి పూత రావచ్చు, గొంతు బొంగురుపోవచ్చు. ఎదిగే వయసులో ఏళ్ల పాటు వాడితే పొడవు ఒక సెంటీమీటరు అటూఇటూ తగ్గవచ్చు. ఈ రెండూ నేను దాచకుండా చెబుతున్నాను, ఎందుకంటే దాస్తే మీ అత్తగారు మిగతాది నమ్మరు. ఆవిడను కూడా ఒకసారి డాక్టరు దగ్గరికి వెంటబెట్టుకెళ్లండి.

ఆయాసం లేని రోజున మందెందుకంటే, ఆ రోజున కూడా గొట్టాల లోపలి పొర వాచే ఉంటుంది కనుక. నీలం ఇన్హేలర్‌లోని సాల్బుటమాల్ బిగుసుకున్న కండరాన్ని వదులు చేస్తుంది, వాపు జోలికి వెళ్లదు. నాలుగు గంటలు హాయి, తర్వాత మళ్లీ మామూలే. అందుకే 2019లో ఉబ్బసం మీద ప్రపంచ స్థాయి మార్గదర్శకాలు ఇచ్చే గినా వారు, పన్నెండేళ్లు దాటిన వారికి సాల్బుటమాల్ ఒక్కదానితోనే నెట్టుకురావద్దని తేల్చి చెప్పారు. ఇప్పుడు నేను వాడేది బుడెసొనైడ్, గొట్టాలను వదులు చేసే ఫార్మోటెరాల్ కలిసిన ఇన్హేలర్. రోజువారీకీ అదే, ఆయాసం వచ్చినప్పుడూ అదే. మీ అమ్మాయికి ఏది సరిపోతుందో ఆమె డాక్టరే చెప్పాలి.

భద్రం గారూ, మా అమ్మ కూడా నన్ను నాంపల్లికి తీసుకెళ్లింది. ఆ క్యూలో పిల్లలను ఎత్తుకుని నిలబడ్డ తల్లుల ముఖాలు చూసిన దాన్ని, ఎవరి నమ్మకాన్నీ తక్కువ చేయను. అది ఉబ్బసాన్ని నయం చేస్తుందని వైద్య పరీక్షల్లో రుజువు కాలేదు. వెళ్లదలిస్తే వెళ్లిరండి, ఆ పేరు మీద ఇన్హేలర్ ఒక్క పూట కూడా ఆపవద్దు.

హాస్టల్ విషయంలో నా మనసులో ఉన్న మాట ఇది. నేను ఇంటర్‌లో చేరిన కాలేజీలో పిల్లల మందులన్నీ వార్డెన్ గదిలోని బీరువాలో పెట్టి తాళం వేసేవారు. ఒక రాత్రి రెండు గంటలకు నాకు ఊపిరి అందలేదు. మూడో అంతస్తు నుంచి గోడ పట్టుకుని దిగాను. ఆవిడ తలుపు తీశారు, తాళంచెవి పగటి వార్డెన్ పట్టుకెళ్లిందన్నారు. వాచ్‌మన్ ఇనుప రాడ్‌తో బీరువా పగలగొట్టాడు. ఆ పది నిమిషాలు నేను మెట్ల మీద మోకాళ్ల మీద చేతులానించి కూర్చున్నాను, నా పక్క మంచం అమ్మాయి నా వీపు నిమురుతూ ఏడుస్తోంది. మరునాడు మా అమ్మ గుంటూరు నుంచి డాక్టరమ్మ రాసిన ఉత్తరం తెచ్చి ప్రిన్సిపాల్ బల్ల మీద పెట్టింది: ఈ అమ్మాయి ఇన్హేలర్ ఎల్లవేళలా ఆమె దగ్గరే ఉండాలి. అప్పటి నుంచి అది నా దిండు కింద, నా సంచిలో, పరీక్ష హాల్లో నా బల్ల మీద ఉంది.

కాబట్టి కాలేజీకి చెప్పాలా అని అడగవలసిన పని లేదు, చెప్పి తీరాలి. డాక్టరు చేత ఉత్తరం రాయించండి. వార్డెన్‌కే కాదు, గదిలో ఉండే అమ్మాయిలకు కూడా తెలియాలి, ఎందుకంటే రాత్రి రెండింటికి పక్కన ఉండేది వాళ్లే. మాట పూర్తి చేయలేక మధ్యలో ఊపిరి తీసుకుంటున్నా, పెదవులు నీలం తిరిగినా, ఇన్హేలర్ పీల్చినా నిలవకపోయినా 108కి ఫోను చేయాలని వాళ్లకు చెప్పండి. పిల్లికూతలు ఒక్కసారిగా ఆగిపోయి మనిషి మాత్రం ఇంకా రొప్పుతుంటే తగ్గిందని అనుకోకూడదు. లోపలికి గాలే వెళ్లడం లేదని అర్థం.

ఇంకొకటి, దీన్ని ఎవరూ చెప్పరు. హాస్టళ్లలో నెలసరి నొప్పికి ఒకరి బిళ్ల ఇంకొకరు వేసుకుంటారు. ఉబ్బసం ఉన్న కొందరికి ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్, మెఫెనమిక్ యాసిడ్ వంటివి పడవు, గంటా రెండు గంటల్లో తీవ్రమైన ఆయాసం తెస్తాయి. తనకు ఏ నొప్పి బిళ్ల సురక్షితమో ముందే అడిగి, ఆ బిళ్లే పెట్టి పంపండి.

పెళ్లి గురించి అడిగారు. పెళ్లిచూపుల్లో నేనే నోరు తెరిచి చెప్పాను. రెండు సంబంధాలు వెనక్కి పోయాయి, మా అమ్మ కుమిలిపోయింది. మూడో సారి వచ్చినాయన, అంటే ఇప్పుడు మా వారు, వాళ్ల అమ్మతో ఇంట్లో సాంబ్రాణి ధూపం మానిపించారు. కడుపుతో ఉన్నప్పుడు మందులన్నీ ఆపమని అటు ఇటు పెద్దలందరూ అన్నారు. తల్లికి ఊపిరి అందకపోతే బిడ్డకూ ప్రాణవాయువు అందదు, ఇన్హేలర్ ఆపడమే ప్రమాదమని డాక్టరు గట్టిగా చెప్పారు. రెండు కాన్పులూ ఇన్హేలర్‌తోనే గడిచాయి. గర్భంతో ఉన్నప్పుడు సుమారు మూడింట ఒక వంతు మందికి ఉబ్బసం పెరుగుతుంది, ఒక వంతు మందికి తగ్గుతుంది, మిగతా వారికి మార్పు ఉండదు. నాకు రెండోసారి పెరిగింది. మందు చేతిలో ఉంది కనుక గట్టెక్కాను.

మీ అమ్మాయి బాత్‌రూమ్‌లో దాక్కుని పీల్చడమే నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది. పౌలా రాడ్‌క్లిఫ్ అనే బ్రిటన్ పరుగుల రాణికి 14వ ఏట ఉబ్బసం బయటపడింది. 2003లో లండన్ మారథాన్‌ను 2 గంటల 15 నిమిషాల 25 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు పెట్టింది. ఆమె ఇన్హేలర్ దాచుకోలేదని మీ అమ్మాయికి చెప్పండి.

ఏలూరు మందుల షాపు మూర్తి:

పై చెల్లెమ్మ అంతా చెప్పింది, నేను వాడే పద్ధతి ఒక్కటి చెబుతాను. మా కౌంటరు దగ్గర పీల్చి చూపించమంటే సగం మంది తప్పుగానే పీలుస్తారు, మందు నాలుక మీదే ఆగిపోతుంది.

నొక్కే ఇన్హేలర్ అయితే బాగా కుదిపి, ముందు ఊపిరి పూర్తిగా వదిలి, పెదవులు బిగించి, నెమ్మదిగా పీల్చడం మొదలుపెడుతూ నొక్కాలి. పీలుస్తూ పోయి పది లెక్కపెట్టేదాకా బిగబట్టాలి. క్యాప్సూల్ వేసే రోటాహేలర్‌ది దీనికి పూర్తిగా వ్యతిరేకం, గట్టిగా, వేగంగా లాగాలి. ఒకదాని పద్ధతి ఇంకొకదానికి వాడితే మందు దండగ. నొక్కే దానికి స్పేసర్ అనే బోలు ప్లాస్టిక్ డబ్బా తగిలించుకుంటే చేతికీ ఊపిరికీ పొత్తు కుదరకపోయినా మందు లోపలికి వెళుతుంది.

డబ్బాను నీళ్లలో వేసి తేలిందా మునిగిందా అని చూడవద్దు, అది నమ్మదగ్గ పరీక్ష కాదు. మందు అయిపోయినా గాలి మాత్రం బుస్సుమని వస్తూనే ఉంటుంది. 120 మోతాదుల డబ్బా పూటకు రెండు చొప్పున రెండు పూటలా వాడితే సరిగ్గా 30 రోజులు. మొదలుపెట్టిన తేదీ డబ్బా మీద పెన్నుతో రాయండి. 200 మోతాదుల నీలం డబ్బాలు ఏడాదికి మూడు ఖర్చవుతున్నాయంటే జబ్బు అదుపులో లేదు, డాక్టరును కలవాలి. ఖర్చు భారమైతే జన ఔషధి కేంద్రంలో కూడా అడిగి చూడండి.

నల్గొండ నుంచి మెల్‌బోర్న్:

అమ్మా, నాకు పద్నాలుగేళ్లకు ఉబ్బసం పూర్తిగా పోయింది. డిగ్రీ అంతా కబడ్డీ ఆడాను. ఎంఎస్ కోసం ఇక్కడికి వచ్చాక రెండో వసంతకాలంలో తిరిగి పట్టుకుంది. ఇక్కడ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా రై గడ్డి పుప్పొడి విపరీతం. 2016 నవంబరు 21 సాయంత్రం ఉరుములతో గాలివాన వచ్చి, ఆ పుప్పొడి తడికి చిట్లి సన్నని రేణువులై జనం ఊపిరితిత్తుల్లోకి వెళ్లింది. ఒక్క రాత్రిలో వేలమంది ఆసుపత్రులకు పరుగెత్తారు, పదిమంది చనిపోయారు. ఉబ్బసం ఉందని అంతకుముందు తెలియని వాళ్లూ ఆ బాధితుల్లో ఉన్నారు. మన భారతీయ కుటుంబాల వాళ్లు కూడా చాలామంది ఉన్నారు. నేను రాకముందు సంగతే అయినా ఇక్కడి డాక్టరు మొదటి రోజే నాకు అది చెప్పారు. పోయిందనుకున్న ఉబ్బసం ఊరు మారితే, గాలి మారితే లేస్తుంది. రేపు మీ అమ్మాయి చదువుకో, ఉద్యోగానికో ఎక్కడికి వెళ్లినా ఈ సంగతి గుర్తుండాలి.

ఇక్కడ ప్రతి రోగికీ డాక్టరు ఒక కాగితం రాసి ఇస్తారు: బాగున్న రోజు ఏం వాడాలి, కాస్త పెరిగితే ఏం చేయాలి, ప్రమాదమైతే ఏం చేయాలి. ఆయాసం ముదిరితే కూర్చోబెట్టి, స్పేసర్‌తో నీలం మందు ఒక్కొక్కటిగా నాలుగు మోతాదులు, ఒక్కో మోతాదుకు నాలుగు శ్వాసలు, నాలుగు నిమిషాలు ఆగి చూడటం, తగ్గకపోతే మళ్లీ నాలుగు ఇస్తూ అంబులెన్సును పిలవడం. ఇది ఇక్కడ బడిలో టీచర్లకు కూడా నేర్పుతారు. మీ డాక్టరును అడిగి అలాంటి కాగితం తెలుగులో రాయించుకుని, హాస్టల్ గది తలుపు వెనక అంటించండి.

తెనాలి అమ్మ:

అందరికీ చేతులెత్తి నమస్కారం. మా అత్తగారికి మైక్రోగ్రాముల లెక్క చదివి వినిపించాను. శనివారం డాక్టరు దగ్గరికి తనూ వస్తానన్నారు. మా అమ్మాయి పక్కనే కూర్చుని అంతా చదివింది. తనే ఒకటి అడుగుతానంటోంది, ఫోను ఇస్తున్నాను.

అక్కా, నేను రాస్తున్నాను. నొక్కే ఇన్హేలర్‌తో నాకు దగ్గు వస్తుంది, స్పేసర్‌తో బాగుంటుంది. కానీ అది పెద్ద బుడగలా ఉంటుంది, అందరూ చూస్తారు. హాస్టల్ గదిలో ఏడుగురం ఉంటాం. రోజూ ఎప్పుడు పీల్చాలి? మస్కిటో కాయిల్ వెలిగిస్తే వద్దని ఎలా చెప్పాలి?

మిర్చియార్డు గుమాస్తా కూతురు:

బంగారూ, నువ్వే అడిగావు చూడు, సంతోషం.

రోజువారీది పళ్లు తోముకునే ముందు పెట్టుకో, ఉదయమూ రాత్రీ. పీల్చాక ఎలాగూ నోరు కడుగుతావు, పుక్కిలించడం అందులోనే అయిపోతుంది. బ్రష్షు పెట్టుకునే మగ్గులోనే ఇన్హేలర్ పెట్టుకుంటే మరిచిపోవు. స్పేసర్‌లో చిన్నవి కూడా వచ్చాయి, మూర్తి గారి లాంటి షాపులో అడుగు, సంచిలో పడుతుంది. మొదటి రాత్రే గదిలో అందరి ముందూ తీసి వాడు. ఇది నా ఉబ్బసం మందు, నాకు ఊపిరి ఆడకపోతే మీరు ఇలా చేయండి అని చూపించు. అప్పట్లో మా గదిలో నేను అలా చూపించిన ఆరుగురిలో ఇద్దరు ఇప్పటికీ నాకు ఫోను చేస్తారు. ఒక అమ్మాయి మెల్లగా వచ్చి మా తమ్ముడికి కూడా ఉంది అక్కా అని చెప్పింది.

కాయిల్ గురించి మొహమాటపడవద్దు. దాని పొగతో నాకు ఆయాసం వస్తుందని నేరుగా చెప్పు, అమ్మ చేత నీ మంచానికి దోమతెర కొనిపించుకో. గదిలో బాడీ స్ప్రే కొట్టుకునేవాళ్లను బయట కొట్టుకోమను. దూది పరుపుకు జిప్పు ఉన్న తొడుగు వేయించి, దుప్పటి, దిండు గలీబు వారానికోసారి బాగా వేడి నీళ్లలో ఉతికించు, పరుపుల్లో ఉండే కంటికి కనిపించని పురుగులు వేడికే చస్తాయి. గది ఊడ్చే వంతు నీది వస్తే ముక్కుకు మాస్కు కట్టుకుని, నేల తడిపి తుడువు.

ఆటలు మానవద్దు. పరుగెత్తితే ఆయాసం వస్తుంటే ముందు నెమ్మదిగా నడిచి ఒళ్లు వేడెక్కనివ్వు. ఆటకు పావుగంట ముందు నీలం మందు పీల్చవచ్చా అని శనివారం డాక్టరును నువ్వే అడుగు, అమ్మను అడగనివ్వకు.

స్పేసర్‌ను కొన్నవెంటనే ఒకసారి, ఆ తర్వాత నెలకోసారి సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్లలో ముంచి తీసి గాలికి ఆరబెట్టు. గుడ్డతో తుడవకు, తుడిస్తే లోపలి గోడలకు విద్యుదావేశం పట్టి మందు వాటికే అంటుకుపోతుంది. ఆరేదాకా ఆగాలి కనుక ఆ పని రాత్రి మందు పీల్చిన తర్వాత పెట్టుకో, పొద్దుటికి సిద్ధంగా ఉంటుంది.